గుట్టుగా నడిపిన కొట్టు

కాలేజీ చదువు మా నాన్న దృష్టిలో టోకు బేరం. "ఫీజు ముందే పోసేశాం. లారీ వచ్చి గుమ్మంలో నిలబడింది. దింపుకున్నవాడికి దింపుకున్నంత. సగం సరుకు లారీలోనే వదిలేసేవాడు వ్యాపారస్తుడి బిడ్డే కాదు," అనేవాడు.

నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. కాలేజీలో దొరికేది ఏదీ వదల్లేదు. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌లో ఉంటే ఖాళీగా పడి ఉండే కంప్యూటర్ గదిలో కూర్చుని సరుకు పట్టికలు వేయడం నేర్చుకున్నాను. పాత విద్యార్థి ఎవరైనా వచ్చి ఉపన్యాసమిస్తే ముందు వరసలో కూర్చుని, చివర్లో ఒక ప్రశ్న అడిగి, ఆయన కారెక్కేలోపు బయట ఇంకోసారి కనపడేదాన్ని. వార్షికోత్సవానికి అందరూ పాటకో నాటకానికో పేరిస్తే నేను కుర్చీలు, బల్లలు, మైకులు తెప్పించే కమిటీలో చేరాను. 'కుర్చీల రాణి' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను. పాడినవాళ్ళకి చప్పట్లు మిగిలాయి, నాకు అద్దె సామాన్లవాడితో బేరమాడటం వచ్చింది.

లారీలో ఇక ఆఖరి మూట ఒక్కటే మిగిలింది. ఉద్యోగం. ఆ మూట దించాల్సిన ఏడాది, వానలు మొదలవుతుండగా నాన్నకి కడుపులో ఆపరేషన్ అయింది.

మాది టైలర్లకి సామాను అమ్మే కొట్టు. గుండీలు, దారాలు, జిప్పులు, హుక్కులు, ఎలాస్టిక్, లైనింగు గుడ్డ. కింద కొట్టు, పైన ఇల్లు. వానలు పడుతున్నాయంటే బడులు తెరుస్తున్నారని అర్థం. ప్రతి టైలరూ యూనిఫారాల గుట్ట కింద కూరుకుపోయి ఉంటాడు. ఏడాదంతా అమ్మింది ఒక ఎత్తు, ఆ వానాకాలం అమ్మకం ఒక ఎత్తు.

సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు పెద్దవాళ్ళు. వ్యాపారం చేసే ఇళ్ళలో రెండూ గుట్టే. యజమాని మంచం పట్టాడని తెలిస్తే అరువు మీద సరుకిచ్చేవాడు ముందు పాతది తేల్చమంటాడు. మన దగ్గర అరువు పెట్టిన టైలరు, పాపం ఆయన లేచాక ఇద్దాంలే అనుకుంటాడు. ఎదురుకొట్టువాడు పరామర్శకొచ్చి, కళ్ళు తుడుచుకుంటూనే మన అలమరలు లెక్కపెట్టిపోతాడు.

"మీ నాన్న సరుకు కోసం మిల్లులు చూడటానికి వెళ్ళారు," అని అమ్మ ఆస్పత్రిలోనే నాకు పాఠం చెప్పింది. "ఎవరడిగినా అదే మాట."

"ఎన్నాళ్ళు చూస్తాడమ్మా మిల్లులు?"

"చాలా మిల్లులున్నాయి. నువ్వు నోరు మూసుకో."

అలా మా నాన్న ఆస్పత్రి నుంచి పెరటి మెట్ల మీదుగా ఇంట్లోకి వచ్చి, మా నెత్తి మీదే మంచంలో పడుకుని, మిల్లులు చూస్తూ గడిపాడు. కింద గల్లాపెట్టె దగ్గర పేరుకి అమ్మ కూర్చునేది. పక్కన నిలబడి అమ్మేది, కొనేది, పొద్దున్న షట్టరు ఎత్తేది నేను. మధ్యాహ్నం కాలేజీకి పరిగెత్తి, సాయంత్రం టైలర్లు వచ్చే వేళకి మళ్ళీ కొట్లో ఉండేదాన్ని.

నాన్నకి మంచం దిగే ఓపిక లేకపోయినా చెవులు మాత్రం గట్టివే. ఒక చేతికర్ర పక్కన పెట్టుకున్నాడు. నేను ధర తక్కువ చెబితే పైనుంచి నేల మీద ఒక దెబ్బ. అరువు ఇవ్వొద్దనుకుంటే రెండు దెబ్బలు. ఒకరోజు బడి సందులో ఉండే, లాయర్లకి నల్లకోట్లు కుట్టే టైలరు దారాలు ఏరుకుంటుంటే టక్ టక్‌మని వినిపించింది.

"పైన ఎవరమ్మా?" అన్నాడు టైలరు.

"ఎలుకలు, మామయ్యా."

"నేను అరువని నోరు తెరిచినప్పుడే కొడుతున్నాయే. మీ ఎలుకలకి వ్యాపారం బాగా తెలుసు," అని, ఏమీ ఎరగనట్టు తెల్ల దారం పట్టుకుని వెళ్ళిపోయాడు.

నాన్న ఏటా ఆర్డరిచ్చే తీరు ఒకటే. పోయినేడాదిలాగే, దాని మీద ఇంకొంచెం. నేను అలా చెయ్యలేదు. కాలేజీలో సరుకు అంచనా గురించి చెప్పిన పాఠం ఒకటి నా బుర్రలో తిరుగుతోంది. కొట్టుకొచ్చిన ప్రతి టైలరునీ ఈసారి ఏ బడి యూనిఫారం పట్టారని మాటల్లో పెట్టి అడిగాను. పెద్ద బడి ఒకటి ఆకుపచ్చ వదిలేసి ముదురు నీలానికి మారిందని అలాగే తెలిసింది. ముదురు నీలం దారం, నీలం జిప్పులు వీధిలో ఎవరికీ తట్టకముందే తెప్పించాను. పాత ఆకుపచ్చ ఆర్డరు ఆపేశాను. దారాల కంపెనీ ఏజెంటుకి అమ్మ ఫోన్ చేసి, "మీ అన్నయ్య ఊరినుంచి చెప్పారు, రాసుకో తమ్ముడూ," అంటూ నేను రాసిచ్చిన రంగుల షేడు నంబర్లు చదివేది. సరుకు వచ్చేది. వచ్చింది వచ్చినట్టు పోయేది. పైన కర్ర కొడుతూనే ఉంది కానీ, ఒక్కోసారి నాకు వినపడేది కాదు.

కాలేజీలో ఉద్యోగాల సంగతి చూసే మాస్టారు ఒకాయన ఉండేవాడు. కంపెనీలకీ మాకూ మధ్య తిరుగుతూ ఉంటాడని పిల్లలు ఆయనకి 'సంబంధాల మాస్టారు' అని పేరు పెట్టారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఒకరోజు వరండాలో పట్టుకున్నాడు.

"ఏమ్మా కుర్చీల రాణీ! ఇన్నాళ్ళూ ముందు వరసలో కూర్చుని నన్ను చంపావు. తీరా కంపెనీలు వచ్చే వేళకి పత్తా లేవు. పెళ్ళి గానీ కుదిరిందా?"

ఆయన మా దగ్గర కొనేవాడూ కాదు, మాకు అమ్మేవాడూ కాదు. అందుకని నిజం చెప్పాను. నాన్న ఆపరేషన్, కొట్టు, నీలం దారం, పైన కర్ర, అన్నీ. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వాపి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పిచ్చి పిల్లా, ఇది దాచుకుంటావా? మార్కులు అందరూ తెస్తారు. ఇది నీ ఒక్కదాని దగ్గరే ఉంది. వచ్చే వారం గోదాముల కంపెనీవాళ్ళు వస్తున్నారు. ఊరూరా తిరిగి గోదాముల్లో సరుకు సరిచూసే ఉద్యోగం. అక్కడ ఇదే చెప్పు."

"బయటికి చెప్పకూడదండీ. ఇంట్లో చంపేస్తారు."

"ఆ కంపెనీవాడు మీ వీధికొచ్చి గుండీలు కొంటాడా ఏమిటి?"

కొనడులే అనుకున్నాను. ఆ ఒక్క లెక్క తప్పాను.

గోదాముల కంపెనీ అధికారి నెమ్మదైన మనిషి. ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యాక కూడా కాసేపు ఆగేవాడు, ఇంకేమైనా మిగిలిందేమో అన్నట్టు. నేను అంతా చెప్పాను. పుస్తకంలో నేర్చుకున్నది కొట్లో ఎలా పెట్టానో, ఎక్కడ పొరపడ్డానో, పెద్ద సైజు హుక్కులు అనవసరంగా తెప్పించి ఎలా ఇరుక్కున్నానో కూడా చెప్పాను.

"మీ నాన్నగారి అంచనా ఒకటి, నీది ఒకటి అయినప్పుడు ఏం చేశావు?"

"కర్ర చప్పుడు విననట్టు అమ్మాను సార్."

ఆయన గట్టిగా నవ్వి పక్కనున్నాయన వైపు చూశాడు. "ఈ అమ్మాయి మనకి పనికొస్తుంది," అన్నట్టుంది ఆ చూపు. లేచేటప్పుడు, "మీ కొట్టు ఒకసారి చూడాలి," అన్నాడు. మర్యాదకి అన్నాడనుకున్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంతకుముందు దేనికీ అంత ఆశపడలేదు. పుట్టినప్పటినుంచి రెండు గోడల మధ్య అలమరల్లో సరుకు చూసినదాన్ని. ఒక చివర నిలబడితే రెండో చివర కనపడనంత పెద్ద గోదాములో, చేతిలో పట్టికతో నడుస్తున్నట్టు ఊహించుకుంటే ఒళ్ళు పులకరించింది.

ఇంట్లో మాత్రం "బాగా జరిగింది" అన్నంతవరకే చెప్పాను. ఏం చెప్పి మెప్పించానో చెప్పలేదు. ఆపరేషన్ మాటెత్తితే అమ్మ గోడలకి కూడా చెవులున్నాయనేది.

అప్పటికి నాన్న కోలుకుని కిందికి దిగాడు. వచ్చినవాళ్ళందరికీ మిల్లుల కబుర్లు చెప్పేవాడు. ఫలానా మిల్లులో మగ్గాలు ఎంత పొడవో, అక్కడి మేనేజరు ఎంత పిసినారో కళ్ళకి కట్టినట్టు చెబుతుంటే, వాటిలో ఒకటైనా నిజంగా చూశాడేమోనని నాకే అనుమానం వచ్చింది.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం దారాల ఏజెంటు వచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నాడు, ఇద్దరి ముందూ టీ గ్లాసులున్నాయి. మా కొట్లో సరుకు సగం అతను అరువు మీద పంపేదే. మిల్లుల నాటకం ముఖ్యంగా ఆడింది అతని కోసమే. నేను అటక మీద జిప్పుల అట్టపెట్టె కోసం వెతుకుతున్నాను. కింద కొత్త గొంతు వినిపించింది.

"నమస్కారమండీ. మీ అమ్మాయి చదివే కాలేజీకి వచ్చిన గోదాముల కంపెనీ మనిషిని. ఇటు పనుండి వచ్చాను, కొట్టు చూసి వెళ్దామని."

"అయ్యో, రండి సార్, రండి! ఇదిగో కుర్చీ. టీ చెబుతాను," అన్నాడు నాన్న. గొంతులో సంతోషం పొంగుతోంది.

"టీ వద్దండీ. మీకు ఒంట్లో ఎలా ఉంది ఇప్పుడు? ఆపరేషన్ తర్వాత ఇంత తొందరగా కొట్లో కూర్చోవచ్చా?"

అటక మీద నా చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది.

"ఆపరేషనా? నాకా?" నాన్న నవ్వాడు. మిల్లుల కబుర్లకి వాడే నవ్వు అది. "ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారు సార్. గుండ్రాయిలా ఉన్నాను చూడండి. సరుకు చూడటానికి మిల్లులకి వెళ్ళొచ్చాను, అంతే."

"ఆ రోజుల్లో కొట్టంతా మీ అమ్మాయే నడిపిందని విన్నాను."

"మా అమ్మాయా!" నాన్న ఇంకా హుషారయ్యాడు. నాకు ఇప్పుడు బాగా అర్థమవుతుంది. అటు ఏజెంటు చెవిన పడే ప్రమాదం తప్పించాననుకున్నాడు, ఇటు ఉద్యోగమిచ్చే పెద్దమనిషి ముందు కూతురి విలువ పెంచుతున్నాననుకున్నాడు. "చదువుకునే పిల్లకి కొట్లో ఏం పని సార్? గుండీకి ఎన్ని కన్నాలుంటాయో కూడా తెలీదు దానికి. పుస్తకం తప్ప ఇంకో లోకం లేదు. మేం కొట్లో అడుగు పెట్టనివ్వం."

సరిగ్గా అప్పుడే నేను జుట్టునిండా బూజుతో, చంకలో జిప్పుల పెట్టెతో నిచ్చెన దిగాను.

అధికారి నన్ను చూశాడు. పెట్టెని చూశాడు. కొంచెం నవ్వుతూ, "ఏమ్మా, మీ నాన్నగారు చెప్పింది నిజమేనా?" అన్నాడు. నాకు ఇంకో అవకాశమిస్తున్నాడని అప్పుడు అర్థం కాలేదు.

నేను నాన్న వైపు చూశాను. నాన్న ఏజెంటు వైపు చూస్తున్నాడు. గల్లా దగ్గర పెద్దవాళ్ళు చెప్పిన ధరని పక్కనున్న పిల్లలు కాదనకూడదు. తప్పు చెప్పినా సరే, గిరాకీ వెళ్ళాకే ఆ మాట. మాటలు రాకముందే మాకు నేర్పే మొదటి పాఠం అది. తలాడించాను. ఏ వైపు ఆడించానో నాకే సరిగ్గా తెలియదు. ఆయనకి మాత్రం తెలిసింది.

"టీ చల్లారిపోతోంది అన్నా," అన్నాడు ఏజెంటు, వీధి వైపు చూస్తూ.

అధికారి లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వెనకే ఏజెంటూ వెళ్ళాడు. నాన్న తొడ మీద చరుచుకున్నాడు.

"ఎలా చెప్పాను? ఒకే దెబ్బకి రెండు పిట్టలు!"

నేను పెట్టె కింద పెట్టి, ఇంటర్వ్యూలో ఏం చెప్పానో చెప్పాను. నాన్న చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.

"ముందే ఒక్క మాట చెప్పకపోయావా, అమ్మడూ."

"చెప్పనిస్తే కదా నాన్నా."

లోపలి గుమ్మంలో నిలబడి అమ్మ అంతా విన్నది. వచ్చి నా జుట్టులో బూజు దులిపింది.

మర్నాడు పొద్దున్న నాన్న కొట్టు తెరవలేదు. ఆపరేషన్ రోజు కూడా తెరిపించిన మనిషి. ఉతికిన చొక్కా వేసుకుని, "పద," అన్నాడు. ఎంపికైనవాళ్ళ జాబితా ఇవ్వడానికి వచ్చిన అధికారి కాలేజీలో మాస్టారి గదిలో కూర్చుని ఉన్నాడు. నాన్న నమస్కారం కూడా పెట్టకుండా చొక్కా పైకెత్తాడు. కుట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నిన్న చెప్పిందంతా అబద్ధం సార్. ఇది నిజం. కొట్టు నడిపింది ఇదే. ఇది లేకపోతే ఈ సీజను మునిగిపోయేవాళ్ళం. నాకు తెలియని సరుకు కూడా తెప్పించి అమ్మింది. నేను పైనుంచి కర్రతో కొడుతుంటే..." మా నాన్న ఒక కొత్తమనిషి ముందు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

"చొక్కా దించండి, చల్లగాలి," అన్నాడు అధికారి. నెమ్మదిగానే అన్నాడు. "ఆపరేషన్ అయిందంటే నమ్ముతాను. మీ అమ్మాయి చెప్పిందీ నిజమేనని ఇప్పుడు నాకనిపిస్తోంది. మీ మీద నాకు కోపం లేదు."

"మరి..."

ఆయన నా వైపు తిరిగాడు. "మా ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు కదమ్మా. గోదాము పెద్ద అన్నీ ఉన్నాయంటాడు. అలమర ఖాళీగా ఉంటుంది. ఆయన వయసులో పెద్ద, నీకు టీ ఇప్పించిన మనిషి, పక్కన పదిమంది ఉంటారు. అక్కడ నిలబడి 'లేవండీ' అనాలి. అది అనగలిగినవాళ్ళ కోసమే వెతుకుతున్నాను. నిన్న నేను నిన్ను అడిగాను."

ఆయన చెప్పిన దాంట్లో బేరమాడటానికి సందు లేదు. ఆయన కుర్చీలో నేనున్నా నన్ను తీసుకునేదాన్ని కాదు.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న దారి పొడుగునా, "ఇంకో కంపెనీ వస్తుందిలే," అంటూనే ఉన్నాడు. వచ్చాయి కూడా. కానీ నా కథ అందరికీ తెలిసిపోయి, వచ్చిన ప్రతి కంపెనీవాళ్ళూ అందులో నిజమెంత అని అడగడం మొదలుపెట్టారు. చెప్పింది నిజమే అయినా అరిగిపోయిన సరుకులా ఉండేది. వానలు తగ్గేసరికి కంపెనీలు రావడమూ తగ్గింది.

దారాల ఏజెంటు మళ్ళీ వచ్చిన రోజు నేను కొట్లోనే ఉన్నాను. నాన్న అతన్ని కూర్చోనిచ్చి, టీ తెప్పించి, ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ, నేను మిల్లులకి పోలేదు. కడుపు కోయించుకుని పైన పడుకున్నాను. కొట్టు నడిపింది మా అమ్మాయి. నీకు ఇష్టమైతే సరుకు పంపు, లేకపోతే మానెయ్."

ఏజెంటు టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు తెలుసు అన్నా."

"తెలుసా?"

"వీధి మొత్తానికి తెలుసు. వదిన ఫోన్లో నంబర్లు చదువుతుంటే వెనకనుంచి ఈ పిల్ల అందిస్తూనే ఉండేది. నాకు చెవులు లేవా? నువ్వెప్పుడైనా నంబరు చెప్పి దారం తెప్పించావా? పోయినేడాదిలాగే అంటావు. ఈ వానాకాలం నా చేతికొచ్చిన ఆర్డర్లన్నిట్లోకీ సరిగ్గా ఉన్నవి ఈ కొట్టువే. కదిలే సరుకు ఆపేవాడెవడు?"

"మరి ఆ రోజు ఆయన అడిగినప్పుడు నువ్విక్కడే కూర్చున్నావు కదరా!" నాన్న గొంతు లేచింది.

"నీ గుట్టు నిలబెడుతున్నాననుకున్నాను. నువ్వు నా మొహం చూసి అబద్ధమాడుతుంటే, నాకు తెలుసని ఎలా చెప్పను? అందుకే మాట టీ మీదకి తిప్పాను." నా వైపు చూశాడు. "పెద్ద గొడవేం కాదనుకున్నానమ్మా."

నాన్న కోసం నేను ఊరుకున్నాను. అతని కోసం నాన్న బొంకాడు. నాన్న కోసం అతను తెలియనట్టు కూర్చున్నాడు. ముగ్గురం కలిసి ఎవరికీ అక్కర్లేని గుట్టు ఒకటి కాపాడాం. తర్వాతి ఏళ్ళలో పక్కగది కూడా కొని కొట్టు పెంచాను, ఇంకో వీధిలో మరొకటి పెట్టాను. నష్టపోయానని ఎవరూ అనరు. నేను కూడా పైకి అనను.

ఆ రోజు నాన్న లేచి, గల్లా వెనక తన కుర్చీని కొంచెం పక్కకి జరిపాడు. వానకి తడిసిన సంచీలు దులపడానికన్నట్టు గుమ్మంలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఏజెంటు జేబులోంచి పెన్ను తీశాడు. అలవాటుగా నాన్న వైపు చూడబోయి, ఆగి, నా వైపు తిరిగాడు.

"చెప్పమ్మా. ఏం పంపమంటావు?"

చెప్పాను. అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను.